మచ్చ సరే, మచ్చు సంగతి రాయరేం?

సంపాదకుల వారికి నమస్కారం.

డోపింగ్‌లో దొరికిన షాట్‌పుట్ ఛాంపియన్ల గురించి ఈమధ్య మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. అమెరికా ర్యాండీ బార్న్స్, బెలారస్ నదేయా ఒస్తాప్‌చుక్, మన మన్‌ప్రీత్ కౌర్, ముగ్గురి కథనూ కలిపి చెప్పారు. కెరీర్‌కు మచ్చ పడిందన్నారు, విధి వక్రించిందన్నారు. కానీ ఏ మందు దొరికింది, అది ఒంట్లోకి ఏ దారిన వస్తుంది, ఎంతకాలానికి ఎలా బయటపడుతుంది అన్నది ఒక్క వాక్యమైనా లేదు. మచ్చ గురించి అంత రాసి మచ్చు గురించి, అంటే పరీక్షకు తీసే నమూనా గురించి ఏమీ రాయలేదు. మిర్చి యార్డు ఉన్న ఊరికి మచ్చు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. బస్తా ధర పలికేది మచ్చును బట్టే. షాట్‌పుట్‌లో ఫలితం నిలిచేదీ పోయేదీ కూడా దాన్ని బట్టే. కాకపోతే అక్కడ మచ్చు 90 మిల్లీలీటర్ల మూత్రం.

మీ వ్యాసం వదిలేసిన మరో సంగతి మన ఊరిదే. 2017 జులైలో జాతీయ అంతర్రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం మైదానంలో జరిగాయి. ఆ ఏడాది మన్‌ప్రీత్ విఫలమైన నాలుగు పరీక్షల్లో చివరిది గుంటూరులో జులై 16న ఇచ్చిన మచ్చుదే. మొదటిది ఏప్రిల్ 24న చైనాలోని జిన్హువాలో, ఆమె 18.86 మీటర్లు విసిరి జాతీయ రికార్డు రాసిన ఏషియన్ గ్రాండ్‌ప్రీలో. రెండోది జూన్ 1న పాటియాలా ఫెడరేషన్ కప్‌లో. మూడోది జులై 6న భువనేశ్వర్‌లో, 18.28 మీటర్లతో ఆసియా స్వర్ణం గెలిచిన రోజు. బయటపడినవి రెండు రకాలు: మెటెనొలోన్ అనే స్టెరాయిడ్, డైమిథైల్‌బ్యూటైలమీన్ అనే ఉత్తేజకం. 2017 జులై 20 నుంచి లెక్క కట్టి నాలుగేళ్ల నిషేధం వేశారు. భువనేశ్వర్ స్వర్ణం పోయింది. 18.86 కూడా పోయింది. జాతీయ రికార్డు మళ్లీ ఆమె 2015లో వేసిన 17.96కే వచ్చి ఆగింది. నిషేధం ముగించుకుని వచ్చాక 2022లో చెన్నైలో ఆమే 18.06 వేసి దాన్ని దాటారు. ఈ చివరి వాక్యం మీ వ్యాసంలో ఉండాల్సింది. మచ్చ పడిన చోటే కథ ఆపేస్తే, శిక్ష అనుభవించి పరీక్షలకు నిలబడి మళ్లీ సర్కిల్‌లోకి వచ్చిన ఐదేళ్లు లెక్కలోకి రాకుండా పోతాయి.

ఇక ఆ రెండు మందుల పేర్లు. మొదట ఉత్తేజకం సంగతి చెబుతాం, మన పిల్లలకు దగ్గరగా ఉన్నది అదే కనుక. వర్కౌట్‌కు అరగంట ముందు నీళ్లలో కలుపుకుని తాగే ప్రీ-వర్కౌట్ పొడుల్లో ఇది దొరికింది. డబ్బా మీద డైమిథైల్‌బ్యూటైలమీన్ అని రాసి ఉండదు. ఏఎంపీ సిట్రేట్ అని ఉంటుంది. 4-అమైనో-2-మిథైల్‌పెంటేన్ సిట్రేట్ అని ఉంటుంది. కొన్నిచోట్ల పౌచుంగ్ టీ అని, ఏదో మంచి తేయాకులా కనిపిస్తుంది. దీని అన్నగారు మిథైల్‌హెక్సేనమీన్ జెరేనియం సారం అన్న ముసుగులో వస్తుంది. గుండె వేగం, రక్తపోటు పెంచి ‘ఊపు’ వచ్చినట్టు అనిపించేలా చేస్తాయి. ఇలాంటి ఉత్తేజకాలు పోటీ సమయంలోనే నిషిద్ధం. కానీ పోటీ సమయం అంటే పిల్లలు అనుకున్నట్టు త్రో వేసే గంట కాదు. ముందురోజు రాత్రి 11:59కి మొదలై, పోటీ అయ్యాక మచ్చు ఇచ్చేదాకా. నిన్న సాయంత్రం జిమ్‌లో తాగింది ఇవాళ మూత్రంలో ఉంటే అది ఇవాళ్టి నేరమే.

స్టెరాయిడ్ అలా కాదు. ఏడాది పొడవునా, ఇంట్లో నిద్రపోతున్నా నిషిద్ధమే. మెటెనొలోన్ మాత్రగానూ సూదిగానూ వస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఒస్తాప్‌చుక్ దగ్గర దొరికింది కూడా ఇదే. 21.36 మీటర్లతో స్వర్ణం గెలిచిన వారానికి పతకం వెనక్కి తీసుకున్నారు, 20.70 వేసిన న్యూజిలాండ్ వాలెరీ ఆడమ్స్‌కు ఇచ్చారు. ఆమెకు తెలియకుండా తిండిలో తానే కలిపానని కోచ్ చెప్పాడు. కోచ్‌కు నాలుగేళ్లు, ఆమెకు మొదట ఏడాది నిషేధం పడ్డాయి. శిక్ష తగ్గినా పతకం తిరిగి రాలేదు. డోపింగ్ చట్టంలో మన తల్లిదండ్రులకు మింగుడుపడని భాగం ఇదే: ఒంట్లో ఏముందో దానికి బాధ్యత క్రీడాకారుడిదే, ఎవరు పెట్టారన్నది శిక్ష ఎంతకాలమో తేల్చడానికే పనికొస్తుంది. ‘మా కోచ్ ఇచ్చాడండీ’ అన్న మాటతో ఫలితం నిలవదు.

బార్న్స్ కథలో మీరు వదిలేసిన ముక్క మన సప్లిమెంట్ షాపులకు అచ్చంగా సరిపోతుంది. 1990 మే 20న లాస్ ఏంజెలెస్‌లో 23.12 మీటర్లతో ప్రపంచ రికార్డు వేశాడు. ఆగస్టులో స్వీడన్‌లో ఇచ్చిన మచ్చులో మిథైల్‌టెస్టోస్టిరోన్ అనే స్టెరాయిడ్ దొరికి 27 నెలల నిషేధం పడింది. తిరిగొచ్చి 1996 అట్లాంటాలో ఆఖరి త్రోతో 21.62 వేసి స్వర్ణం గెలిచాడు. 1998లో రెండోసారి దొరికి జీవితకాల నిషేధం. ఆ రెండోసారి దొరికింది ఆండ్రోస్టీనిడయోన్. అప్పట్లో అమెరికాలో అది ఎవరైనా దుకాణంలో డబ్బాగా కొనుక్కునే సరుకు, చట్టం దాన్ని కట్టడి చేసింది 2004లో. కొనడం నేరం కాదు, తిని పోటీకి దిగడం నేరం. మన దగ్గర డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముద్ర చూపించి ‘గవర్నమెంటు అప్రూవ్డ్’ అని అమ్ముతుంటారు. ఆ ముద్ర ఆహార లైసెన్సు. ఆటగాడికి పనికొస్తుందని అందులో ఎక్కడా లేదు. సప్లిమెంట్ కొనకుండా ఉండలేమనుకుంటే, బ్యాచ్ బ్యాచ్‌కు నిషిద్ధ పదార్థాల పరీక్ష చేయించే ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ ముద్ర ఉన్నదే కొని, డబ్బా మీది బ్యాచ్ నంబరును వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూడాలి. ముద్ర ఒక్కటే చూస్తే చాలదు, ముద్రను కూడా అచ్చువేస్తారు. డబ్బా అయిపోయాక మూత, లేబుల్, బిల్లు దాచిపెట్టాలి. కల్తీ వల్లే దొరికానని నిరూపించుకోవాల్సి వస్తే అవే సాక్ష్యం. లూజుగా కవర్లో పోసి ఇచ్చే పొడి జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ పోకూడదు.

పొడి డబ్బా కంటే ఎక్కువ భయపడాల్సింది మాత్రం సూదికి. జిల్లా స్థాయి పిల్లవాడికి భుజం పట్టేస్తే మొదట వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయన వేసే నొప్పి సూదిలో తరచూ డెక్సామెథసోన్ గానీ బీటామెథసోన్ గానీ ఉంటుంది. ఇవి కండలు పెంచే స్టెరాయిడ్లు కావు, వాపు తగ్గించేవి. అయినా 2022 నుంచి ఏ రూపంలో సూదిగా వేసినా పోటీ సమయంలో నిషిద్ధం, ప్రెడ్నిసొలోన్ మాత్రలూ అంతే. నొప్పికి వాడే ట్రమడాల్ 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషిద్ధం. దగ్గు మందుల్లో టెర్బ్యుటలిన్ ఉన్న సీసాలు మన మందుల షాపుల్లో మామూలే, అది ఎప్పుడైనా నిషిద్ధం. ఇంట్లో నాన్నగారి బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ ఉండవచ్చు. అది మూత్రం ఎక్కువ పోయించి మిగతా మందుల జాడ పలుచన చేస్తుందని నిషేధించారు. సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్‌కు అనుమతి ఉంది గానీ హద్దు ఉంది: 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు. నీరసంగా ఉన్న పెద్దవాళ్లకు ‘బలం సూది’ అని వేసే నాండ్రొలోన్ సంగతి సరే సరి. జిమ్ భాషలో అదే డెకా. నూనెలో కరిగించి కండలోకి ఎక్కించిన ఈ మందు నెమ్మదిగా ఊరుతూ నెలల తరబడి మూత్రంలో కనిపిస్తూనే ఉంటుంది. ఇరవై రోజుల్లో పోతుందని చెప్పేవాళ్లకు డెకా అంటే ఏమిటో తెలియదు, లేదా పిల్లవాడి భవిష్యత్తు తమది కాదు.

నిజంగా జబ్బుచేసి మందు తప్పనిసరైతే దారి ఉంది. వైద్య అవసరానికి మినహాయింపు కోసం జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడాకు ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆస్పత్రి కాగితాలు, పరీక్షల నివేదికలు, వేరే మందు ఎందుకు పనికిరాదో రాసిన డాక్టర్ లేఖ జతచేయాలి. చీటీ మీద ‘స్పోర్ట్స్ పర్సన్’ అని రాయించుకోవడం మినహాయింపు కాదు. మాత్ర పేరు కొట్టి చూసుకునేందుకు నాడా వాళ్ల ‘నో యువర్ మెడిసిన్’ యాప్ ఉంది. కంపెనీ పేరుతో దొరక్కపోతే స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు అసలు పేరుతో వెతకాలి. చూర్ణాలు, లేహ్యాలకు ఆ వెసులుబాటు కూడా లేదు. అందులో ఏం కలిసిందో కలిపినవాడికే తెలియాలి.

మచ్చు ఎలా తీస్తారో కూడా రాస్తే మంచిది. తెలియకపోవడం వల్ల పిల్లలు భయపడి పారిపోతున్నారు. పారిపోతే పరీక్షలో దొరికినంత శిక్షే పడుతుంది, నాలుగేళ్లు. త్రోస్ అయ్యాక అధికారి వచ్చి పేరు పిలిచి, కాగితం మీద సంతకం చేయించుకున్న క్షణం నుంచి క్రీడాకారుడు వాళ్ల కంటిముందే ఉండాలి. పతకం తీసుకోవచ్చు, కూల్‌డౌన్ చేయవచ్చు, కానీ ఒంటరిగా బాత్‌రూమ్‌కు వెళ్లకూడదు. మైనరైతే పెద్దవాళ్లను ఒకరిని వెంటబెట్టుకోవచ్చు. సీలు వేసిన కప్పుల్లో నచ్చింది తనే ఎంచుకోవాలి. చీలిక ఉంటే, సీలు వదులైతే మార్చమని అడగాలి. అదే లింగానికి చెందిన అధికారి ఎదుటే మూత్రం పోయాలి. కనీసం 90 మిల్లీలీటర్లు: 60 ‘ఏ’ సీసాలో, 30 ‘బీ’ సీసాలో. పోసుకోవడం, మూత బిగించడం క్రీడాకారుడి చేతులతోనే జరగాలి. కప్పులో మిగిలిన చుక్కలతో, నీళ్లను 1గా లెక్కపెట్టి, చిక్కదనం చూస్తారు, 1.005 కంటే తక్కువుంటే మళ్లీ ఇవ్వాలి. మన వాళ్లు తప్పు చేసేది ఇక్కడే. గుంటూరు ఎండలో చెమట కారి మూత్రం రాదు, కంగారుపడి ఒకేసారి రెండు లీటర్ల నీళ్లు తాగేస్తారు. మూత్రం వస్తుంది, నీళ్లలా వస్తుంది, చిక్కదనం చాలదు. రాత్రి దాకా కూర్చోవాల్సి వస్తుంది, రైలు తప్పిపోతుంది. గుక్కగుక్కగా తాగుతూ, సీలు తీయని సీసా నీళ్లే తాగుతూ ఆగడం మేలు. ఎవరో చేతికిచ్చిన తెరిచిన సీసా వద్దు.

ఫారంలో గత ఏడు రోజుల్లో వాడిన మందులు, పొడులు అన్నీ రాయమంటారు. ‘ఏమీ లేదు’ అని రాసేయడం మనవాళ్లకు అలవాటు, రాస్తే అనుమానిస్తారని భయం. తీరా ఏదైనా బయటపడ్డాక ఫలానా డబ్బా వల్లే అన్నప్పుడు, ఆ రోజు ఎందుకు రాయలేదన్న ప్రశ్నకు జవాబుండదు. క్రోసిన్ వేసుకున్నా రాయాలి. సీసాల మీది నంబరు, ఫారం మీది నంబరు ఒకటేనా అని ఒక్కో అంకె చదువుకుని, తన కాపీ తను తీసుకుని రావాలి. ల్యాబ్‌కు వెళ్లే కాగితంలో పేరుండదు, నంబరు మాత్రమే ఉంటుంది. ‘ఏ’ సీసాలో దొరికితే ‘బీ’ సీసా తన సమక్షంలో తెరవమని అడిగే హక్కు క్రీడాకారుడికి ఉంది. మన ఢిల్లీ ల్యాబ్‌కే 2019 ఆగస్టు నుంచి 2021 డిసెంబరు దాకా గుర్తింపు నిలిపేశారు, ఆ కాలంలో మన మచ్చులు విదేశాలకు వెళ్లాయి. అడిగితే తప్పు పడతారని సిగ్గుపడాల్సిన పని లేదని చెప్పడానికే ఇది.

ఆ రోజు శుభ్రంగా తేలిందంటే గండం గడిచిందనీ కాదు. మచ్చు పదేళ్లు దాచి, కొత్త పద్ధతి వచ్చినప్పుడు మళ్లీ పరీక్షించవచ్చు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ షాట్‌పుట్‌ను ప్రాచీన ఒలింపియా మైదానంలో పెట్టారు. ఉక్రెయిన్ యూరీ బిలొనోహ్, అమెరికా ఆడమ్ నెల్సన్ ఇద్దరూ 21.16 వేశారు. నెల్సన్ మిగతా ఐదు త్రోలూ ఫౌల్ కావడంతో, రెండో ఉత్తమ త్రో ఉన్న బిలొనోహ్‌కు స్వర్ణం దక్కింది. 2012లో అవే మచ్చులు తిరిగి తీస్తే ఆక్సాండ్రొలోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది. నెల్సన్‌కు స్వర్ణం అందింది 2013లో, అట్లాంటా విమానాశ్రయంలోని ఫుడ్‌కోర్టు దగ్గర. 2008 బీజింగ్‌లో బెలారస్‌కు చెందిన ఆంద్రేయ్ మిఖ్నేవిచ్ 21.05తో కాంస్యం తీసుకున్నాడు, కెనడా డిలన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 21.04తో నాలుగో స్థానంలో నిలిచాడు. ఒక్క సెంటీమీటరు. మిఖ్నేవిచ్ 2005 నాటి మచ్చు మళ్లీ పరీక్షించాక ఆ కాంస్యం ఆర్మ్‌స్ట్రాంగ్‌కు వచ్చింది, 2015లో. చైనా గాంగ్ లిజియావో బీజింగ్‌లో ఐదో స్థానం నుంచి కాంస్యానికి, లండన్‌లో నాలుగు నుంచి రజతానికి ఎక్కింది. ఆమె అదనంగా విసిరింది ఏమీ లేదు, పైవాళ్ల మచ్చులు చెడిపోయాయి. కెరీర్‌కు మచ్చ అన్నప్పుడు మీ వ్యాసం దొరికినవాళ్ల బాధ చూసింది గానీ, జాతీయ గీతం వినకుండా ఇంటికి వెళ్లిన ఈ నాలుగో మనిషిని చూడలేదు.

అసలు మందు దూరాన్ని ఎలా పెంచుతుందో చెబితే అది మన పిల్లలకు ఎందుకు అనవసరమో తెలుస్తుంది. స్టెరాయిడ్ గుండును విసరదు. కండలో ప్రోటీన్ కట్టే వేగం పెంచుతుంది, నిన్నటి బరువుల అలసట త్వరగా తీరుస్తుంది, వారానికి మూడుసార్లు చేసే కష్టం ఐదుసార్లు చేయనిస్తుంది. నెలల తర్వాత గుండు చెయ్యి వదిలే వేగం కొంచెం పెరుగుతుంది. 2.1 మీటర్ల ఎత్తు నుంచి 37 డిగ్రీల కోణంలో సెకనుకు 13.5 మీటర్ల వేగంతో వదిలిన గుండు 20.3 మీటర్లు పోతుంది. 14 మీటర్ల వేగంతో అయితే 21.7. సెకనుకు అరమీటరు వేగంతో ఒలింపిక్ ఫైనల్లో పదో స్థానానికీ పతకానికీ ఉన్నంత తేడా. ఆశ పుట్టేది అక్కడ. మన జిల్లా కుర్రాడి లెక్క వేరు. 10.5 మీటర్ల వేగంతో 37 డిగ్రీల్లో వదిలితే 13.1 మీటర్లు పడాల్సిన గుండు, కోణం 30కి పడిపోతే 12.5 దగ్గరే పడుతుంది. వదిలే ఎత్తు 20 సెంటీమీటర్లు తగ్గితే దూరం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఇంటర్ ఫిజిక్స్ చదివిన ఎవరైనా వేసి చూసుకోవచ్చు.

ఆ కోణం ఎందుకు పడిపోతుందో మైదానంలో కంటికి కనిపిస్తుంది. కుడిచేతి వాటం కుర్రాడు గ్లైడ్ చేశాక, అంటే సర్కిల్ వెనక నుంచి ముందుకు జారి వచ్చాక, కుడి పాదం సర్కిల్ మధ్యలో దిగాలి, దిగీ దిగగానే ఎడమ పాదం సర్కిల్ ముందంచున ఉండే స్టాప్ బోర్డు దగ్గర దిగాలి. ఎడమ పాదం ఆలస్యమైతే కాళ్ల బలం గాలిలో పోతుంది. ఎడమ భుజం ముందే తెరుచుకుంటే నడుము వృథా, మోచెయ్యి కిందికి జారితే గుండు మెడ దగ్గర్నుంచి వెనక్కి పోయి ఫౌల్. నిలబడి వేసిన త్రోకూ గ్లైడ్‌తో వేసిన త్రోకూ మధ్య ఒకటిన్నర మీటరు దాకా తేడా రావాలి. అర మీటరే వస్తుంటే లోపం కండలో లేదు, కాళ్లలో ఉంది. ఆ లోపానికి డయానాబాల్ అనే స్టెరాయిడ్ మాత్రలో మందు లేదు. 16 ఏళ్ల కుర్రాడు 5 కిలోల గుండుతో సరైన పాఠం నేర్చుకోకుండా పెద్దవాళ్ల 7.26 కిలోల గుండుతో కుస్తీ పడడం కూడా ఇలాంటి తొందరే. బరువు గుండుకు మోచెయ్యి జారుతుంది, జారిన అలవాటు ఏళ్లకు గానీ పోదు.

తొందరకు ఒళ్లు చెల్లించే వెల వేరే ఉంది. కండ పెరిగినంత వేగంగా స్నాయువులు గట్టిపడవు. అందుకే బెంచ్ ప్రెస్ అంకె అమాంతం పెరిగిన కుర్రాడి ఛాతీ కండ ఎముకను వదిలి తెగుతుంది. పెరిగే వయసులో తీసుకుంటే ఎముకల చివరి ఎదుగుదల పలకలు ముందే మూసుకుపోతాయి, రావాల్సిన ఎత్తు రాదు. వదిలే ఎత్తు గురించి పైన చెప్పిన లెక్క గుర్తుంటే ఇదెంత నష్టమో అర్థమవుతుంది. మాత్రల రూపంలో వచ్చేవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. బయటి హార్మోన్ వస్తుండడంతో ఒంట్లోది ఆగిపోతుంది, వృషణాలు కుంచించుకుపోతాయి, కుర్రాడికి రొమ్ములు వస్తాయి. ఆడపిల్లలకు గొంతు బొంగురుపోతే మందు ఆపినా తిరిగి రాదు. తూర్పు జర్మనీలో 1986 యూరోపియన్ ఛాంపియన్ హైడీ క్రీగర్‌కు 16 ఏళ్ల వయసు నుంచి విటమిన్లని చెప్పి ఇచ్చిన నీలం మాత్రలు ఓరల్ ట్యూరినాబాల్ అనే స్టెరాయిడ్. స్వర్ణం గెలిచిన ఏడాదిలో ఇచ్చింది రెండున్నర గ్రాములకు పైనే. తర్వాత ఆండ్రియాస్ క్రీగర్‌గా మారిన ఆయన, తాను ఎవరో తేల్చుకునే అవకాశాన్ని ఆ మాత్రలు లాగేసుకున్నాయని బహిరంగంగానే చెబుతూ వచ్చారు. విటమిన్లని చెప్పి ఇవ్వడం అనే పద్ధతి ఆ దేశంతో పోలేదు.

తిండి సంగతి ఒక్కమాట, ఎందుకంటే డబ్బా అమ్మేవాడి మొదటి వాక్యం ‘ఇంటి తిండి చాలదండీ’ అనే ఉంటుంది. 90 కిలోల త్రోయర్‌కు రోజుకు 150 నుంచి 180 గ్రాముల ప్రోటీన్ చాలు. ఎనిమిది గుడ్లు 50 గ్రాములు, లీటరు పాలు 32, మూడు వందల గ్రాముల కోడి మెత్తటి మాంసం 65, వంద గ్రాముల కందిపప్పు 22. లెక్క 170 దాకా వచ్చింది, పెరుగన్నం ఇంకా కలపలేదు. మాంసం తినని ఇంట్లో వంద గ్రాముల మీల్‌మేకర్‌లో 50, వంద గ్రాముల వేరుశనగ పప్పులో 25. మన కుర్రాళ్లలో కొరత తరచూ ప్రోటీన్‌ది కాదు, నిద్రది. పొద్దున్నే నాలుగున్నరకు లేచి రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసే ఒంటికి ఏ పొడి పోసినా ఒకటే.

ఇదంతా ఎక్కడో జరిగే సంగతి అనుకుంటే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ లెక్క చూడండి. 2023లో మన దేశంలో 5,606 మచ్చులు తీస్తే 213 చెడ్డవి వచ్చాయి, 3.8 శాతం. అయిదు వేలకు పైగా మచ్చులు తీసిన దేశాల్లో అదే అత్యధికం. మన దగ్గర 2022 నుంచి జాతీయ డోపింగ్ నిరోధక చట్టం ఉంది. చట్టం మైదానం గేటు దాటి జిమ్ మెట్ల దాకా రావడానికి పత్రిక ఒక్కటే దగ్గరి దారి, మీ పేజీ ఆ జిమ్‌లో బల్ల మీద పడి ఉంటుంది కనుక.

అందుకే మా కోరిక. ఇకమీదట డోపింగ్ వార్త వేసినప్పుడు మందు పేరు తెలుగు లిపిలో పూర్తిగా వేయండి, దానికున్న మారుపేర్లు కూడా. మచ్చు ఏ తేదీన తీశారో, నిషేధం ఎప్పటి నుంచి ఎప్పటిదాకానో వేయండి. పతకం మారితే అది ఎవరికి వెళ్లిందో, వాళ్లు వేసిన దూరం ఎంతో మొదటి వార్త వేసిన చోటే వేయండి. ఆరోపణ దశలో ఉన్నది, తీర్పు వచ్చింది రెండూ ఒకటిగా రాయకండి. నిషేధం ముగించుకుని వచ్చినవాళ్ల త్రోలు మామూలు త్రోల్లాగే వేయండి.

స్కూల్ గేమ్స్ సెలక్షన్లకు ముందు ఒక్క అరపేజీ ఇవ్వండి. టెర్బ్యుటలిన్ ఉన్న దగ్గు మందు, డెక్సా సూది, ట్రమడాల్, బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్, ఏఎంపీ సిట్రేట్ ఉన్న పొడి, ఈ అయిదింటి పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటే చాలు. కత్తిరించి గుంటూరు బ్రహ్మానందరెడ్డి (బీఆర్) స్టేడియంలోనూ, విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలోనూ గుళ్లు దాచే గది తలుపులకు అంటించే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
త్రోస్ నేర్పే కొందరు కోచ్‌లు, ఒక ఫార్మసిస్టు
గుంటూరు